అయిదో చిల్లు దాకా

పసుపు డ్రమ్ము ఒక్క మనిషితో తిరిగేది కాదు. ఇరుసుకు రెండు చివరలా రెండు పిడులుంటాయి, పిడికొక మనిషి ఉంటాడు. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు లోపల ఒకదానికొకటి రాసుకుని, పైనున్న గరుకు తోలు రాలిపోయి, నునుపుగా బయటికి రావాలి. దానికి ముప్పావు గంట పడుతుంది. ముప్పావు గంటా ఇద్దరూ ఒకే వేగంతో తిప్పాలి. ఒకడు తగ్గితే రెండోవాడికి ఎవరూ చెప్పనక్కర లేదు, ఇరుసే చెబుతుంది.

ఆర్మూరు మార్కెట్ వెనకాల దేవిదాస్ సేటు షెడ్డులో 1970 నుంచి ఒక పిడి నడిపయ్యది, రెండో పిడి వాహబ్‌ది. నడిపయ్య రెండేళ్ళు పెద్ద. ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు పోయేవాళ్ళు గానీ డ్రమ్ము దగ్గర మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆ చప్పుడులో మాట్లాడినా వినబడదు.

తెలియని వాళ్ళు డ్రమ్మును చేత్తో తిప్పుతారనుకుంటారు. చేత్తో తిప్పినవాడు రెండో రోజు పనికి రాడు. పని తెలిసినవాడు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుముతో తిప్పుతాడు. చెయ్యి ఉత్త తాడు. పిడి కిందికి పోయేటప్పుడు ఒళ్ళు దాని మీద వాలుతుంది, పైకి వచ్చేటప్పుడు ఒళ్ళే దాన్ని లేపుతుంది. ఈ నడుము పనిలో నడిపయ్యను మించినవాడు మోర్తాడ్ నుంచి సిరికొండ దాకా లేడని వాహబ్ అనేవాడు. నడిపయ్య లేనప్పుడు అనేవాడు.

1988 సీజనులో నడిపయ్యకు కుడి జబ్బలో నొప్పి మొదలైంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. ఒక రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాడు, అంతే. పది రోజులకు చెయ్యి చెవి దాకా పోవడం మానేసింది. నెలకు గడ్డం దాకా పోవడం మానేసింది. అయినా డ్రమ్ము దగ్గర ఎవరికీ తెలియలేదు. పిడి పైకి వచ్చే సగంలో చెయ్యి చెయ్యవలసింది కూడా నడుముకే అప్పజెప్పాడు. చూసేవాళ్ళకు ఎప్పటి నడిపయ్యే.

అలా ఇంకో మూడు వారాలు తిప్పాక, డ్రమ్ము ఆపి పసుపు దించుతుండగా వాహబ్ అన్నాడు.

"నడిపన్నా, పై సగం నీది వస్తలేదు."

"ఎన్నడి సంది?"

"హోలీ సంది."

"గప్పుడే చెప్పకపోతివి?"

"నువ్వే చెప్తవనుకున్న."

మిగిలిన సీజనంతా పై సగం ఇద్దరిదీ వాహబే లాగాడు.

ఎడమచేత్తో తిప్పవచ్చు గదా అని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ డ్రమ్ము తిప్పినవాళ్ళు కారు. నిండు డ్రమ్మును ఒంటిచేత్తో నాలుగు చుట్లు తిప్పవచ్చు. అయిదో చుట్టుకు డ్రమ్మే మనిషిని తిప్పుతుంది.

ఇంట్లో మాత్రం దాచడం కుదరలేదు. చొక్కా తొడుక్కోవడం ఇద్దరి పని అయింది. రుమాలు తలకు చుట్టుకోవడమూ అంతే. నడిపయ్య భార్య ఆశమ్మ వారం రోజులు చొక్కా తొడిగి, ఎనిమిదో రోజు ఆ చొక్కా కుడి పక్కను చంక నుంచి కిందిదాకా కత్తిరించి, నాలుగు నాడాలు కుట్టింది.

"గిదేందే, పసిపోరని అంగి లెక్క?"

"పసిపోరడైతే చెయ్యన్న లేపుతుండె."

ఆర్మూరులో ఏ నొప్పికైనా మొదటి మందు పసుపు. రెండో మందు ఇంకొంచెం పసుపు. రెండూ అయ్యాక నడిపయ్య కట్టు కట్టే చంద్రయ్య దగ్గరికి పోయాడు. చంద్రయ్య విరిగిన ఎముకలు కడతాడు, బాగా కడతాడు. చెట్టు మీద నుంచి పడ్డవాళ్ళు, ఎడ్లు కుమ్మినవాళ్ళు ఆయన కట్టుతో లేచి తిరుగుతున్నారు. నడిపయ్యది విరగలేదు, అదొక్కటే లోపం. చంద్రయ్య జబ్బ పట్టి చూసి, కోడిగుడ్డు సొనలో పసుపు కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి, చేతిని ఛాతీకి ఆనించి బిగించి కట్టాడు. ఇరవై ఒక్క రోజులు కదపవద్దన్నాడు. నడిపయ్య ఒకరు పని చెబితే సగంలో వదిలే మనిషి కాదు. ఇరవై ఒకటి అయ్యాక తనే ఇంకో ఇరవై ఒకటి ఉంచమన్నాడు.

వానాకాలం మధ్యలో కట్టు విప్పారు. నొప్పి కొంచెం తగ్గింది. చెయ్యి కూడా తగ్గింది. ఇంతకు ముందు గడ్డం దాకా పోనిది ఇప్పుడు ఛాతీ దగ్గర నుంచి కదలనంది.

సేటుకు దసరా నాడు తెలిసింది. దసరాకు డ్రమ్మును కడిగి, గ్రీసు పెట్టి, పసుపు కుంకుమలతో పూజ చేస్తారు. డ్రమ్ము నెత్తిన బొట్టు పెట్టేది ఏటా నడిపయ్యే. ఆ సంవత్సరం చెయ్యి లేపాడు, అది డ్రమ్ము కడుపు దగ్గర ఆగింది. నడిపయ్య బొట్టు కడుపుకే పెట్టి పక్కకు జరిగాడు.

దేవిదాస్ సేటు కొబ్బరికాయ పట్టుకుని ఆ బొట్టునే చూస్తూ నిలబడ్డాడు.

"నడిపయ్యా, బొట్టు దిగిందేంది?"

"రెక్క పట్టింది సేటూ."

"డ్రమ్ము తిప్పుతవా?"

"తిప్పుత."

సేటు వాహబ్ వైపు చూశాడు. వాహబ్ ఇరుసు వైపు చూశాడు.

"శివరాత్రి తెల్లారి భీమ్‌గల్ బండ్లు వస్తయి," అన్నాడు సేటు. "గప్పటి దాకా చూస్త. నీ రెక్క పనికొస్తె నీ పిడి నీదే. రాకుంటె వాహబ్‌కు ఎంకటిని జోడీ పెడుత. మనసుల పెట్టుకోకు."

ఎంకటి మార్కెట్‌లో హమాలీ. నూరు కిలోల బస్తాను మాట్లాడుతూ మోసే మనిషి. అతని మీద చెప్పడానికి చెడ్డమాట ఒక్కటీ లేదు. నడిపయ్యకు అదే కష్టంగా ఉంది.

ఆ వారమే నడిపయ్య నిజామాబాద్ బస్సెక్కాడు. అక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఉచ్చ పరీక్ష చేయించి, ఎముక బాగుంది, షుగరు లేదు, పైకి పొమ్మన్నాడు. మేడ మీద ఒక గది. గదిలో ఒక మంచం, వేడి పెట్టే కరెంటు దీపం, గోడకు గిలక మీద తాడు, గోడకే అంగుళానికొక మెట్టు ఉన్న సన్నని కర్ర నిచ్చెన, కిటికీ పక్కన ఒక ఇనుప చక్రం ఉన్నాయి. చక్రానికి పిడి ఉంది.

నడిపయ్య మిగతావేవీ చూడలేదు. చక్రం దగ్గరికి పోయి ఎడమచేత్తో తిప్పాడు. అది కీచుమంది.

"గ్రీసు లేదు," అన్నాడు.

అక్కడ పనిచేసే ఆమె పేరు సుల్తానా, బోధన్ పిల్ల. హైదరాబాద్‌లో ఈ పని నేర్చుకుని రెండేళ్ళయింది. వచ్చిన రోగులు ఆమెను కసరత్ డాక్టరమ్మ అనేవాళ్ళు.

"కాకా, గా చక్రం మీకోసమే," అంది.

"పద్దెనిమిదేండ్లు తిప్పిన బిడ్డా. తిప్పితెనే గిట్లైంది అన్కుంటున్న. మళ్ళ గదే తిప్పుమంటవా?"

"తిప్పుడుతోటి కాలేదు కాకా. నడి ఈడుల కొందరికి గిది ఊకెనే వస్తది, టీచర్లకు గూడ వస్తది. జబ్బ కీలు మీద సంచి లెక్క ఒక పొర ఉంటది. గది ముడుసుకపోయి బిగిసింది. మెల్లగ సాగదియ్యాలె. ఇన్ని దినాలు ఏం చేసిన్రు?"

"కట్టు కట్టించిన. నలభై రెండు దినాలు."

సుల్తానా అతని చేతిని మెల్లగా లేపి, ఆగినచోట వదిలింది.

"కదలకుంటె ఇంక బిగుస్తది కాకా."

"శివరాత్రి దాకా అయితదా?"

"చెప్పలేను. కొందరికి ఆర్నెల్లు, కొందరికి ఏడాది. మీ సంచి ఎట్ల సాగితె గట్ల."

దీని గురించి తనకు తెలియదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. నడిపయ్యకు నమ్మకం కుదిరింది.

వారానికి రెండు రోజులు రమ్మంది. వేడి పెట్టి, మంచం మీద పడుకోబెట్టి, చేతిని పట్టుకుని తనే మెల్లగా సాగదీసేది. ఇంటి దగ్గర చెయ్యడానికి మూడు పనులు చెప్పింది. ఎడమచేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, కుడిచేతిలో నీళ్ళ చెంబుతో, చేతిని గంటలాగా ఊగనివ్వాలి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను చీమల్లాగా పైకి నడిపించాలి. వీపు వెనక తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని, మంచి చేత్తో జబ్బుచేతిని పైకి లాగాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు జబ్బుచెయ్యి, విప్పేటప్పుడు చివర జబ్బుచెయ్యి అని కూడా చెప్పింది. నాడాల చొక్కా చూసి, ఎవరు కుట్టారని అడిగి, ఇంకో రోగి కోసం దాని కొలత రాసుకుంది.

నడిపయ్య ఇంటి గోడకు కొత్తగా సున్నం వేసి ఉంది. అతని వేళ్ళు పద్దెనిమిదేళ్ళ పసుపు వేళ్ళు, ఎంత కడిగినా పోదు. రోజుకొక పచ్చని వేలిముద్ర గోడ మీద పైకెక్కింది. మూడు వారాలకు తలుపు గొళ్ళెం దాటింది. ఆశమ్మ గోడ పాడైందని తిడుతూనే వచ్చినవాళ్ళకు చూపించేది.

సుల్తానా దగ్గర ఒక ప్లాస్టిక్ కొలబద్ద ఉండేది, స్కూలు పిల్లల కోణమానిని లాంటిది, రెండు రెక్కలు. జబ్బ దగ్గర పెట్టి, చెయ్యి ఎంత లేచిందో చదివేది. మొదటి రోజు ఎనభై. మూడు వారాల తర్వాతా ఎనభై.

"గోడ మీద జానెడు పైకి పోయిన!" అన్నాడు నడిపయ్య.

"గోడ ముంగట నిలబడి చెయ్యిండ్రి, చూస్త."

చేశాడు. వేళ్ళు చకచకా పైకి పోయాయి. సుల్తానా చేతిని చూడలేదు. కింద మడమలు చూసింది, తర్వాత నడుము చూసింది. మడమలు రెండంగుళాలు లేచి ఉన్నాయి. నడుము ఎడమకు వంగి, జబ్బను మోసుకుని పైకి తీసుకుపోతోంది. అంతా ఎంత నున్నగా జరిగిందంటే, ఆమె ఇంకోసారి చెయ్యమని అడిగి చూసింది.

"కాకా, మీరు నడుంతోటి చేస్తున్నరు."

"అవ్," అన్నాడు నడిపయ్య, మెచ్చుకుందనుకుని. "నడుంతోనే చెయ్యాలె గద. చేతితోటి చేసేటోడు పనోడే గాదు."

"గిక్కడ నడుంతోటి చేస్తె నడుముకే మందు. జబ్బకు ఏం లేదు."

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అతని రుమాలుతోనే నడుమును కుర్చీకి కట్టేసింది. వెనక నుంచి జబ్బ మీద చెయ్యి పెట్టి నొక్కి పట్టుకుంది. అప్పుడు చక్రం తిప్పమంది. పిడి పావు చుట్టు పోయి ఆగింది. నడిపయ్య ఒళ్ళంతా ముందుకు తోసింది గానీ రుమాలు వదల్లేదు. అది మంచి రుమాలు.

పద్దెనిమిదేళ్ళు నేర్చుకున్న పనే మందును మింగేస్తోందన్న సంగతి తెలియడానికి ఆ పావు చుట్టు చాలింది.

ఆ రోజు నడిపయ్య ఇంకో గంట ఆ గదిలోనే కూర్చుని చక్రాన్ని చూశాడు. చక్రం మధ్య బోల్టు కూర్చున్న మనిషి జబ్బ ఎత్తుకు ఉంది. జానలతో కొలిచాడు. పిడి ఒకేచోట ఉండేది కాదు, దాన్ని బిగించే ఇనుప పట్టీకి వరసగా చిల్లులున్నాయి. మొదట పిడిని మధ్యకు దగ్గరగా పెడతారు, చెయ్యి చిన్న చుట్టు తిరుగుతుంది. కీలు సాగినకొద్దీ పిడిని బయటి చిల్లుకు మారుస్తారు, చుట్టు పెద్దదవుతుంది. నడిపయ్య చిల్లుల మధ్య దూరం కూడా కొలిచాడు. పోయేముందు జేబులో ఉన్న గుడ్డతో కిటికీ బందు దగ్గరి జిడ్డు తుడిచి బోల్టుకు రాశాడు. కీచు ఆగింది.

సీజను కాదు కాబట్టి షెడ్డు ఖాళీగా ఉంది. నడిపయ్య కమ్మరి దగ్గర ఒక ఇనుప పట్టీ చేయించాడు. దానికి అయిదు చిల్లులు. మొదటి చిల్లు ఇరుసుకు బెత్తెడు దూరం. అయిదో చిల్లు సరిగ్గా డ్రమ్ము అసలు పిడి ఉండే దూరం. పట్టీని తన వైపు ఇరుసుకు బిగించి, షెడ్డు గుంజకు ఆనించి రెండు ఇటుకలు వేసి కూర్చున్నాడు. ఇరుసు జబ్బ ఎత్తుకు వచ్చింది. ఇన్నేళ్ళూ డ్రమ్ము సరిగ్గానే ఉంది, మనిషే ఎత్తున నిలబడ్డాడు.

వాహబ్ వచ్చి రుమాలుతో అతని నడుమును గుంజకు కట్టాడు.

"గట్టిగ కట్టు."

"ఎంత గట్టిగ?"

"నేను దొంగననుకో."

ఖాళీ డ్రమ్ము వేలు పెడితే తిరుగుతుంది. వాహబ్ వెనక నిలబడి జబ్బ నొక్కి పట్టుకున్నాడు. ఇటు ఇరవై చుట్లు, అటు ఇరవై చుట్లు అని సుల్తానా చెప్పింది. అటు తిప్పడం వాహబ్‌కు నచ్చలేదు. ఆ డ్రమ్ము ఎప్పుడూ అటు తిరగలేదు.

"ఉల్టా తిప్పితె డ్రమ్ము ఖరాబైతది నడిపన్నా."

"నా జబ్బ ఖరాబైంది, దాని ఫికర్ లేదు నీకు?"

"జబ్బ నీది. డ్రమ్ము ఇద్దరిది."

మొదటి చిల్లు దాటడానికి పన్నెండు రోజులు పట్టింది. రెండోదానికి అంతకంటే ఎక్కువ. సుల్తానా ఒక లెక్క చెప్పింది. తిప్పేటప్పుడు నొప్పి రావడం తప్పు కాదు. ఆ నొప్పి తెల్లారేసరికి పోవాలి. తెల్లారినా ఉంటే వెనక చిల్లుకు పోవాలి. మూడో చిల్లు దగ్గర నడిపయ్య సేటును, సేటు తండ్రిని, పట్టీ చేసిన కమ్మరిని తిట్టాడు. సుల్తానాను తిట్టలేదు. వాహబ్‌ను తిట్టబోయి, జబ్బ అతని చేతిలో ఉందని గుర్తొచ్చి ఆగాడు. ఆ వారం కొలబద్ద నూట అయిదు చదివింది.

జనవరిలో ఒక తప్పు చేశాడు. రోజులు తక్కువయ్యాయని, వాహబ్ లేనప్పుడు షెడ్డుకు పోయి, పిడిని మూడు నుంచి అయిదుకు మార్చి, ఆశమ్మ చేత నడుము కట్టించుకుని తిప్పాడు. ఒక చుట్టు పూర్తయింది. అతను పెట్టిన కేక విని పక్క షెడ్డు నుంచి మనుషులు వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి నడిపయ్య గుంజకు కట్టి ఉన్నాడు, ఆశమ్మ పక్కన నిలబడి ఉంది. ఏం జరిగిందో చెప్పడానికి కొంచెంసేపు పట్టింది. జబ్బ వాచింది. పది రోజులు రెండో చిల్లుకు దిగవలసి వచ్చింది.

"కాకా, గిది బస్సు కాదు, ఉరికి పట్టుకుంటందుకు," అంది సుల్తానా.

శివరాత్రికి వారం ముందు నాలుగో చిల్లుకు వచ్చాడు. కొలబద్ద నూట ఇరవై అయిదు. శివరాత్రి నాడు కూడా నాలుగో చిల్లే. అయిదోది పెట్టి చూస్తే పైన చెయ్యి నిలబడిపోయింది.

"ఇంక రెండు నెలలైతె వస్తది," అని సుల్తానా ముందే చెప్పింది. "పనిల మాత్రం నడుం వాడుకోండ్రి. పనికి నడుం, మందుకు జబ్బ. రెండు కలపొద్దు." కానీ బండ్లు తెల్లారే వస్తాయి, సేటు అప్పుడే చూస్తాడు.

నడిపయ్య దగ్గర ఒకటే దారి ఉంది. తన వైపు నాలుగో చిల్లులో పిడి పెట్టి తిప్పాలి. పిడి దగ్గరయితే బరువు పెరుగుతుంది. తన వైపు చిన్న చుట్టు, అవతల వాహబ్‌ది పెద్ద చుట్టు. ఇద్దరి నడుములూ ఒకే లయలో ఊగవు. ముప్పావు గంట కాదు, పావుగంట కూడా నిలవదు. అది సేటు కంటికి కనిపిస్తుంది. తెల్లవారుజామున ఈ లెక్కంతా వేసుకుంటూ షెడ్డుకు పోయాడు.

వాహబ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. అతని వైపు ఇరుసుకు కూడా ఒక కొత్త ఇనుప పట్టీ బిగించి ఉంది. అయిదు చిల్లులు. పిడి నాలుగోదాంట్లో ఉంది.

నడిపయ్య వంగి కొలిచి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"నీకెందుకురా గిది?"

"నా రెక్క గూడ ఎన్నడన్న పట్టదా? ముందుగాల చేయించి పెట్టుకున్న," అన్నాడు వాహబ్, గ్రీసు డబ్బా మూత వెతుక్కుంటూ.

భీమ్‌గల్ బండ్లు వచ్చాయి. సేటు వచ్చాడు. ఎంకటి కూడా వచ్చి ఒక బస్తా మీద కూర్చున్నాడు. కూర్చోమని అతనికి ఎవరో చెప్పినట్టుంది, అతనికీ ఇబ్బందిగానే ఉంది. సేటు పిడులు చూశాడు.

"పిడులు దగ్గరికి జరిగినయేంది?"

"కొత్త మోడల్ సేటూ," అన్నాడు వాహబ్.

డ్రమ్ములో ఒక తట్ట తక్కువ పోశారు. మూత బిగించారు. ఇద్దరూ కాళ్ళు ఎడంగా పెట్టారు. మొదటి చుట్టు బరువుగా లేచింది, రెండోది కొంచెం తేలికగా. తర్వాత ఇక చప్పుడే. పిడి పైకి వచ్చిన ప్రతిసారీ నడిపయ్య చెయ్యి దానితోపాటు వచ్చింది. నడుము మోసింది గానీ చెయ్యి ఎక్కడా వెనకబడలేదు. ఆ సంగతి షెడ్డులో ఇద్దరికే తెలుసు. ఇరుసు చెప్పింది.

ముప్పావు గంటకు సేటు లేచాడు. వాళ్ళు ఆపలేదు. గంటకు ఆపారు. మూత తీసి పసుపు కుప్ప పోశారు. సేటు కుప్ప అడుగు నుంచి ఒక కొమ్ము తీసి, బొటనవేలితో రాసి, విరిచి, విరిగిన చప్పుడు విని, వాసన చూశాడు. ఇంకో కొమ్ము తీసి అదే పని చేశాడు.

"తోలు పోయింది," అన్నాడు. "గంట పట్టింది."

"మొదటి దినం సేటూ," అన్నాడు నడిపయ్య.

సేటు ఎంకటి వైపు తిరిగాడు. "నువ్వు పొయ్యి బండి మీది బస్తాలు దించు."

ఎంకటి బస్తా మీద నుంచి వెంటనే లేచాడు. పోతూ పోతూ నడిపయ్యతో, "మస్తు బరువున్నదట గద కాకా పిడి, నాకు గిదెందుకు," అన్నాడు.

అయిదో చిల్లు మామిడికాయల కాలంలో వచ్చింది, ఆ సీజను చివరి బండికి. రెండు వైపులా పిడులు ఒకే రోజు మార్చారు. నూట యాభై అయిదని సుల్తానా రాసుకుని, ఇక రావద్దంది. వీపు వెనక చెయ్యి మాత్రం పూర్తిగా పోలేదు. వీపు గోకడం ఆశమ్మ పనిగానే ఉండిపోయింది. నాడాల చొక్కా కూడా ఉండిపోయింది. గాలి బాగా ఆడుతుందని.

తర్వాతి దసరాకు నడిపయ్య డ్రమ్ము నెత్తిన బొట్టు పెట్టాడు. సేటు చూసి కొబ్బరికాయ కొట్టాడు.

1996లో సేటు మోటారు డ్రమ్ము తెచ్చాడు. దానికి పిడులు లేవు, స్విచ్చు ఉంది. వాహబ్‌ను కాంటా దగ్గర పెట్టాడు, నడిపయ్యను మోటారు డ్రమ్ముకు పసుపు పోసే దగ్గర పెట్టాడు. పాత డ్రమ్ము షెడ్డు మూలకు చేరింది. పాత ఇనుముకు అమ్ముదామని సేటు రెండుసార్లు అన్నాడు. కొనేవాళ్ళు వచ్చిన రెండుసార్లూ దాని పక్కన ఇటుకల మీద ఎవరో ఒకరు గుంజకు కట్టి ఉన్నారు.

ఎందుకంటే సుల్తానా అప్పటికే మనుషులను పంపడం మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు నిజామాబాద్ రాలేనివాళ్ళకు వేడి పెట్టి, సాగదీసి, కొలత చూసి, ఎన్నో చిల్లో చీటీ మీద రాసి ఆర్మూరుకు పంపేది. మోర్తాడ్ నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, ఒక బస్సు కండక్టరు వచ్చాడు, ఒక తెలుగు పంతులు వచ్చాడు. నడిపయ్య చీటీ చూసి పిడి పెట్టేవాడు. రుమాలు కట్టేవాడు. ఆడవాళ్ళకయితే ఆశమ్మ కట్టేది. అతను చెప్పే మాట ఒకటే: "నడుం కదలొద్దు."

"ఖాళీ డ్రమ్ము తిప్పి తిప్పి నా ఇరుసు అరగదీస్తున్నరు," అనేవాడు సేటు. గ్రీసు మాత్రం తెప్పించేవాడు.

తొంభై ఎనిమిది చలికాలంలో ఒక పొద్దున కట్టు కట్టే చంద్రయ్య వచ్చాడు. ముసలివాడయ్యాడు. ఎడమ చెయ్యి కడుపుకు ఆనించి పట్టుకుని, షెడ్డు గుమ్మం దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. చేతిలో సుల్తానా చీటీ ఉంది.

నడిపయ్య చీటీ తీసుకుని చదివాడు.

"కట్టు కట్టుకోకపోతివి చంద్రన్నా?"

"కట్టుకున్న. ఇరువై ఒక్క దినాలు."

"మళ్ళ ఇరువై ఒకటి?"

"లేదు. గంత పాగల్ గాదు."

నడిపయ్య చీటీ జేబులో పెట్టుకున్నాడు. పిడి తీసి మొదటి చిల్లులో పెట్టాడు. చంద్రయ్య ఇటుకల మీద కూర్చున్నాడు. నడిపయ్య తలకున్న రుమాలు విప్పి, చంద్రయ్య నడుమును గుంజకు చుట్టి, ముడి వేశాడు. చంద్రయ్య కిందికి చూసి, చేత్తో ముడిని తడిమి చూశాడు. కట్లు కట్టిన చెయ్యి అది.

"వదులున్నది," అన్నాడు. "ఇంక జర గట్టిగ కట్టు."